అలివి తాడు

పాపాయి నెత్తిమీంచి దించిన చేపల తట్టను పెద్దింట్లమ్మ ఒక్క తాపు తన్నింది. కవళ్ళూ సావిడాయిలూ వాకిట్లో ఇసుకలో పొర్లాయి. పొరుగింటి చూరు కింద కూర్చున్న ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. గంగమ్మ ఇచ్చినదాన్ని కాలితో తాకకూడదని ఆ పల్లెలో చంటిపిల్లకు కూడా తెలుసు. పెద్దింట్లమ్మ తెలిసే తన్నింది.

"అయ్యో వదినా! ఇదేం పని? తినే కూడు తంతావా?" పాపాయి వంగి చేపల్ని ఏరబోయింది.

"ముట్టుకోకు! కూడు కాదే ఇది, పిండం. నా తమ్ముడు బతికుండగానే ఆ తండేలు చిట్టియ్య వాడికి రోజూ పిండం పెడతన్నాడు. నువ్వు ఎదురెళ్ళి మరీ పట్టుకొత్తన్నావు."

పాపాయి ఏడుపు మొదలుపెట్టింది. లోపల గోడకు చేరగిలబడి బుల్లియ్య కూర్చున్నాడు. ఇంత గోల జరుగుతున్నా బయటికి రాలేదు. ఏంటని అడగలేదు. అక్కను కసరలేదు, పెళ్ళాన్ని ఊరుకోమనలేదు. ఆ ఊరుకోవడమే పెద్దింట్లమ్మకు కారం రాసినట్టుగా ఉంది.

నరసాపురానికి దిగువన, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంది ఆ పల్లె. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ఒక తరం గడిచిపోయిన రోజులు. టీకాలు వేసే ఆయన పడవెక్కి వస్తున్నాడని కబురందితే తల్లులు పిల్లల్ని మొగలి పొదల్లో దాచేసే రోజులు కూడా అవే. పల్లెకంతా కలిపి పెద్దది ఒక అలివి వల. దాని తాడు ఒక కొస ఒడ్డున మనుషులకు అప్పగించి, నావ వలను దించుకుంటూ సముద్రంలోకి పోయి, ధనుస్సులాగా చుట్టి, రెండో కొస తీసుకుని దూరంగా ఒడ్డుకు చేరుతుంది. అప్పుడు రెండు పక్కలా జనం నిలబడి తాళ్ళు లాగుతారు. మొగ దగ్గర కెరటాలు వరసకొక తీరుగా విరుగుతాయి. నావను వాటి మీదుగా దాటించడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఆ పనిలో బుల్లియ్యదే పేరు. నావ వెనక తెడ్డు పట్టుకుని వాడు నిలబడితే, ముందు కూర్చున్నవాళ్ళు ఆకు చుట్ట తాపీగా కాల్చుకునేవారు.

మాఘమాసంలో వాడికి ఒళ్ళు కాలింది. తర్వాత మొహం నిండా, ఒంటి నిండా పెద్దమ్మవారు పోసింది. పాపాయిని పసిబిడ్డతో పుట్టింటికి పంపేశారు. వాడి దగ్గర కూర్చున్నది పెద్దింట్లమ్మ ఒక్కతే. ఆమెకు చిన్నతనంలోనే పోసి పోయింది. మొహం మీద ఇప్పటికీ ఆ గుంటలున్నాయి. మొగుడు పోయిన మనిషి, పిల్లలు లేరు, నరసాపురం వీధుల్లో చేపల గంప తిప్పి బతుకుతుంది. ఆ గంపను మూలన బోర్లించి తమ్ముడి పక్కన కూర్చుంది. వేపమండలతో విసిరింది. అరిటాకుల మీద పడుకోబెట్టి, ఆకుకు అంటుకున్న తోలును వాడు కేకలు పెడుతుంటే మెల్లగా వదిలించింది. ఊళ్ళో వాళ్ళు వాడి చితి కోసం తాటిదుంగలు చూసుకుని ఉంచారని ఆమెకు తెలుసు.

వాడు బతికాడు. ఎడమ కంట్లో పువ్వు వేసింది. కాళ్ళూ చేతులూ ఎండు కట్టెలయ్యాయి. పసుపు నీళ్ళు పోశారు. పాపాయి పుట్టింటి నుంచి వచ్చింది. వైశాఖం వచ్చింది, పోయింది. అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు, ఒంట్లో కాస్త రక్తం పట్టింది. కాని నావ దగ్గరికి మాత్రం పోవడం లేదు. నావకు పెద్ద, తండేలు చిట్టియ్య వాణ్ణి రమ్మనడం లేదు. వల ఒడ్డుకు చేరిన ప్రతిసారీ ఒక పాలు చేపలు పక్కన పెట్టించి పాపాయికి ఇస్తున్నాడు. ఊరంతా చిట్టియ్యను మెచ్చుకుంది. చిన్నప్పట్నుంచీ ఒకే నావలో పెరిగిన స్నేహం, ఎంత ధర్మం తప్పని మనిషో అన్నారు.

ఆ మాట విన్నప్పుడల్లా పెద్దింట్లమ్మకు ఒళ్ళు మండేది. తన సంగతి ఆమెకు గుర్తుంది. పొక్కులు మాడి చెక్కులు రాలిన కొద్ది రోజులకే తల్లి ఆమె నెత్తి మీద చిన్న గంప పెట్టింది. 'కూచుంటే కూచోబెట్టేత్తారే, లే' అంది. అప్పుడు తల్లిని ఎంత తిట్టుకుందో! ఆ తల్లి లేకపోతే తను ఏ మూలనో గోడకు చేరగిలబడి, ఎవరో దయతో పెట్టింది తిని ముసలిదయ్యేది.

చేపల్ని అలాగే ఇసుకలో వదిలేసి ఆమె రేవుకు పోయింది.

నావను ఒడ్డున బోర్లించి చిట్టియ్య చెక్కల సందుల్లో కొబ్బరి పీచు కుక్కుతున్నాడు. పక్కన ఇద్దరు ముగ్గురు వలవాళ్ళున్నారు.

"ఒరే చిట్టియ్యా!"

"ఏంటక్కా?" అన్నాడు తలెత్తకుండా.

"నా తమ్ముడు నీకేం అపకారం చేశాడ్రా?"

"అపకారమేంటి? పాలు పంపుతానే ఉన్నాను కదా. తక్కువైందా?"

"నీ పాలు ఎవడిక్కావాలి? కుక్కకి ముల్లు పడేసినట్టు పడేత్తే తినేసి తోకాడించాలా? వాడి తెడ్డు ఎవడి చేతిలో పెట్టావు? అది చెప్పు."

చిట్టియ్య పీచును చెక్క సందులోకి గట్టిగా కొట్టాడు. "వాడికింకా సత్తువ రాలేదక్కా. కొన్నాళ్ళు కూచోనీ."

"కూచుంటే వత్తాదా సత్తువ? తెడ్డు పడితే వత్తాది."

పక్కనున్న వాళ్ళలో ఒకడు గొంతు సవరించుకున్నాడు. "ఆ కన్ను చూశావా పిన్నీ? అమ్మవారు ఇంకా ఆ కంట్లోనే కూచుని ఉంది. ఆ కంటితో వాడు వలను చూత్తే వల్లో ఏం పడతాది?"

"నీ నాలిక పడతాది!" పెద్దింట్లమ్మ వాడి మీదికి పోయింది. "నా మొహం మీద ఈ గుంటలేంటిరా? ఏ పిల్లలు గోలీలాడుకోడానికి తవ్వుకున్నారు? నేను మోసుకెళ్ళిన గంపలో చేప అమ్ముడవ్వలేదా? ఆ డబ్బులతో మీ ఇళ్ళల్లో బియ్యం ఉడకలేదా?"

వాడు వెనక్కి తగ్గాడు. ఆమె చిట్టియ్య వైపు చూసింది. వాడు ఒక్క మాట అంటాడేమో, ఆ కుర్రవెధవను నోర్ముయ్యమంటాడేమో అని చూసింది. చిట్టియ్య తల వంచుకుని పీచు పేనుకుంటున్నాడు.

"నావలో ఆరుగురు మనుషుల పేణాలక్కా," అన్నాడు చివరికి. "నేను తండేల్ని."

"నీ తెడ్డు విరిగిపోను! నీ తండేలుతనం గోదాట్లో కలిసిపోను!"

సముద్రం మీద బతికేవాడికి అంతకంటే చెడ్డ శాపం లేదు. వలవాళ్ళు నావను చేత్తో తాకి కళ్ళకద్దుకున్నారు. చిట్టియ్య మొహం నల్లబడింది. మళ్ళీ పీచు అందుకున్నాడు. పెద్దింట్లమ్మ ఇసుక ఎగజిమ్ముకుంటూ వెనక్కి వచ్చేసింది.

మర్నాడు పొద్దు పొడవగానే ఆమె తమ్ముడి ఇంట్లోకి దూరి వాడి దుప్పటి లాగేసింది.

"లే."

"ఎక్కడికే?"

"పాయలోకి. రొయ్యలు పట్టడానికి. నాకు రెండో పక్క మనిషి లేరు."

"నాకు ఒంట్లో బాగాలేదు."

"నాకూ బాగాలేదు. లే."

ఆమె చెయ్యి పట్టి లాగుతుంటే వాడు లేచాడు. పాపాయి అడ్డం నిలబడింది. పెద్దింట్లమ్మ ఆమెను భుజంతో తోసేసి వాణ్ణి బయటికి తెచ్చింది. వీధి వీధంతా చూస్తుండగా, మొహం మీద మచ్చలతో, తెల్లబడ్డ కంటితో, వాడు తల దించుకుని అక్క వెనకాల నడిచాడు. జనం గుమ్మాల్లోంచి లోపలికి జరిగారు. "జరగండి, జరగండి! మావాడు వత్తన్నాడు, మీ ఇళ్ళు కూలిపోతాయి!" అని ఆమె దారి పొడుగునా అరిచింది.

పల్లె వెనక, మడ చెట్ల మధ్య ఉప్పునీటి పాయ ఉంది. ఇద్దరు చెరో కర్రా పట్టుకుని నీళ్ళకు అడ్డంగా ఈడ్చే చిన్న వల అది. చిన్నప్పుడు వీళ్ళిద్దరూ ఆ పనిలోనే పెరిగారు. మొల లోతు నీళ్ళలో దిగారు. కాసేపు బాగానే ఈడ్చాడు. తర్వాత రొప్పడం మొదలుపెట్టాడు. కర్ర కొస నీళ్ళలోంచి పైకి తేలిపోతోంది.

"దించు! కింద నుంచి పోతన్నాయి రొయ్యలు. నిద్రపోతన్నావా?"

"చేతులు వణుకుతున్నాయే."

"వణకనీ. వణికే చేతుల్తోనే దించు."

మళ్ళీ ఈడ్చారు. బురదలో వాడి కాలు దిగబడింది. ముందుకు తూలి నీళ్ళలో పడ్డాడు. ఉక్కిరిబిక్కిరై లేవబోయి మళ్ళీ పడ్డాడు. పెద్దింట్లమ్మ తన కర్ర వదల్లేదు. వాడి వైపు ఒక్క అడుగు వెయ్యలేదు. నోరు మాత్రం "లే, లే, నీళ్ళు మొల దాకే ఉన్నాయి" అని కొడుతూనే ఉంది.

వెనకాలే పరుగెత్తుకొచ్చిన పాపాయి గట్టు మీంచి గొంతు చించుకుంది. "చంపేత్తావా వదినా? అమ్మవారు వదిలేసిన మనిషిని నువ్వు చంపేత్తావా?"

బుల్లియ్య లేచి నిలబడ్డాడు. ఒంటి నిండా బురద. చేతిలో ఉన్న కర్రను బలంకొద్దీ దూరంగా విసిరేశాడు.

"ఇంక చాలు!" అని అరిచాడు. జబ్బు పడి లేచాక వాడి నోటి నుంచి అంత పెద్ద మాట రావడం అదే మొదలు. "చిట్టియ్య నన్ను రావద్దనలేదే! నేనే రానన్నాను!"

పెద్దింట్లమ్మకు వెంటనే అర్థం కాలేదు. "ఏంటీ?"

"పసుపు నీళ్ళు పోసిన వారానికే వాడు వచ్చాడు. తెల్లారకుండా లేపాడు. ఎవరూ చూడకుండా ఇద్దరం చిన్న నావ తోసుకుని మొగలోకి పోయాం. 'ఏదీ, పట్టు' అని తెడ్డు నా చేతికిచ్చాడు. మొదటి కెరటం దూరంగా ఉందనుకున్నాను. దూరంగానే ఉందక్కా, నా కంటికి! మీద పడే దాకా దూరంగానే ఉంది. ఒక్క కంటితో కెరటం ఎంత దూరంలో ఉందో తెలవడం లేదు. నావ తిరగబడిపోయింది. నా జుట్టు పట్టుకుని లాక్కొచ్చి ఒడ్డున పడేశాడు వాడు." బుల్లియ్య మొహం మీది బురద తుడుచుకున్నాడు. "నేను వాడి కాళ్ళు పట్టుకున్నాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. తండేలు రావద్దన్నాడని పల్లె అనుకుంటే అనుకోనీ. బుల్లియ్య సముద్రాన్ని చూసి జడిశాడని మాత్రం అనుకోకూడదన్నాను. వాడు ఒట్టేశాడు."

పెద్దింట్లమ్మ చేతిలో వల కర్ర నీళ్ళలోకి జారిపోయింది.

ఆమెకు జాలి పుట్టలేదు. ముందు పుట్టింది కోపమే. నిన్న రేవులో చిట్టియ్య తల వంచుకుని పీచు కొట్టడం కళ్ళకు కట్టింది. తను అన్న మాట చెవుల్లో మోగింది.

"వాడి తెడ్డు విరగాలన్నాన్రా!" అంది. "నీ పరువు దాచుకోడానికి వాడి నెత్తిన నా నోరు పెట్టించావు. ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు. రోజూ ఆ చేపలు తింటా, లోపల కూచుని అంతా వింటా, ఒక్క మాట చెప్పలేకపోయావు!"

"ఏం చెప్పమంటావు? నాకు నీళ్ళంటే భయమేత్తందని చెప్పనా? పల్లోడి కడుపున పుట్టి?"

"చెప్పు! భయమేత్తే భయమేత్తందని చెప్పు. తెడ్డు పట్టలేవు, సరే. నీకు ఒక్క తెడ్డే వచ్చా? ఒడ్డు మీద తాడుంది కదా!"

బుల్లియ్య మొహం చిట్లించాడు. "అలివి తాడా? ముసలోళ్ళూ ఆడోళ్ళూ లాగే తాడు నేను లాగాలా? ఆ నావను నడిపినోణ్ణి!"

పెద్దింట్లమ్మ నీళ్ళను తోసుకుంటూ వాడి దగ్గరికి వెళ్ళి చెంప పగలగొట్టింది. మచ్చల మొహం మీద ఆ దెబ్బ చప్పుడు పాయ అవతలికి వినిపించింది.

"నేను లాగుతాన్రా ఆ తాడు. చేప తక్కువ పడిన రోజుల్లో నేనూ లాగుతాను. మనమ్మ లాగింది. ఆ చేతుల్తోనే నీకు అన్నం పెట్టింది. మా చేతులు నీకు నామోషీ అయితే గోడకే ఆనుకుని కూచో. రేపటి నుంచి నా గుమ్మం తొక్కకు."

బుల్లియ్య చెంప పట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడు మాట్లాడింది పాపాయి. ఆమె గట్టు దిగి బురదలోకి వచ్చింది.

"వెళ్ళు," అంది మొగుడితో. "నువ్వు బతికావంతే చాలనుకున్నాను. ఇంట్లో ఉంటే కళ్ళ ముందు ఉంటావనుకున్నాను. ఆ గోడ వైపు తిరిగి పడుకునేవాడు నా మొగుడు కాడు. వదిన నిన్ను కొట్టిందని నాకు కోపం రావాలి. రాలేదు. వెళ్ళు."

అలివి వల మళ్ళీ దించే రోజు వచ్చింది. గాలి దక్షిణం నుంచి కొడుతోంది. నావ కెరటాలు దాటి లోపలికి పోయింది. చిట్టియ్యే తెడ్డు మీద ఉన్నాడు. ఒడ్డున తాడు కొస పట్టుకుని జనం వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు పెదబాబు. కులపెద్ద, ముసలివాడయినా ఆ చోటు ఎవరికీ ఇవ్వడు. అతని వెనక మగవాళ్ళు, ఆ వెనక ఆడవాళ్ళు. సముద్రంలో వల సగం పైగా దిగింది. తాడు బిగుసుకోవడం మొదలైంది.

పెద్దింట్లమ్మ వచ్చి వరస మధ్యలో తాడు పట్టుకుంది. ఆమె వెనక బుల్లియ్య వచ్చి నిలబడ్డాడు. వాడు చెయ్యి చాచి తాడు అందుకున్నాడు.

వెనకనున్న మనిషి తాడు వదిలేశాడు. వాడి వెనకామె వదిలేసింది. ముందున్నవాళ్ళు తిరిగి చూసి, వేడి మూకుడు తగిలినట్టు చేతులు వెనక్కి తీసుకున్నారు. చివరికి పెదబాబు కూడా.

"ఇదేం పనే పెద్దింట్లూ?" అన్నాడు ముసలాయన. "అమ్మవారి మనిషిని తాడు మీదికి తెత్తావా? ఊరికంతటికీ చేటు. వాణ్ణి తీసుకుపో."

"నేను తీసుకుపోను మావా. మీరు వదిలేశారు కదా, వదిలెయ్యండి."

తాడును పట్టింది ఇప్పుడు ఇద్దరే. మొగలోకి పోటు నీరు గుంజుతోంది. దానితోపాటు వల బరువంతా తాడు మీద పడింది. ఇద్దరూ ఇసుకలో ఈడ్చుకుపోయారు. పెద్దింట్లమ్మ అరచేతుల్లో తోలు లేచిపోయింది. పాపాయి పరుగున వచ్చి మొగుడి వెనక తాడు అందుకుంది. ముగ్గురూ నీటి అంచు దాకా జారారు. చల్లటి నీళ్ళు పాదాలను కొట్టగానే బుల్లియ్య ఒళ్ళంతా బిగుసుకుపోవడం ముందున్న పెద్దింట్లమ్మకు తాడులోనే తెలిసింది. వదిలేస్తాడనుకుంది.

వాడు వదల్లేదు. తాడును నడుం చుట్టూ తిప్పుకుని, మడమలు ఇసుకలోకి తన్నిపెట్టి, వెనక్కి వాలిపోయాడు.

"తియ్యరా, అది నడుం నుంచి తియ్యి! లాక్కుపోతాది!" అని పెద్దింట్లమ్మ అరిచింది.

"నువ్వు నోర్మూసుకుని లాగు!" అన్నాడు వాడు.

ఆమె ఒడ్డున గుంపుగా నిలబడిన వాళ్ళ వైపు తిరిగింది. ఆ కోపంలో ఏం అన్నదో తర్వాత ఆమెకే గుర్తు లేదు. గుర్తున్నవాళ్ళు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారు. ఒక్కొక్కడి పేరూ పెట్టి తిట్టింది. ఎవడి తల్లి పురిటికి ఎవరు నీళ్ళు కాచారో, ఎవడు తుపానులో నావ మునిగితే బుల్లియ్య భుజమ్మీద ఒడ్డుకు చేరాడో అరిచి చెప్పింది. "అప్పుడు వాడి ఒంటిని కరుచుకుని వచ్చావు కదరా! అప్పుడు అంటలేదా నీకు?"

ఎవరూ కదల్లేదు. వాళ్ళను కదిలించింది ఆమె తిట్లు కాదు. ఎవరో కెవ్వుమన్నారు: "వల పోతంది!"

చూస్తే నీళ్ళ మీద వలను తేల్చే బెండ్ల వరస మొగ వైపు కొట్టుకుపోతోంది. పల్లెకంతటికీ ఉన్నది ఆ ఒక్క వలే. అందరూ ఒక్క ఉదుటున తాడు మీద పడ్డారు. పెదబాబు కూడా పరుగెత్తుకొచ్చి ముందు చోటు అందుకున్నాడు. తాడు నిలబడింది.

పెద్దింట్లమ్మ రొప్పుతూ వెనక్కి తిరిగి చూసింది. అంతమంది తాడు పట్టారు కాని బుల్లియ్యకూ, వెనకనున్న పాపాయికీ అటూ ఇటూ బారెడేసి తాడు ఖాళీగా ఉంది. చేపల కోసం వచ్చారు. మనిషి కోసం రాలేదు. అంత బరువు మీద ఉండి కూడా ఆ బారెడు ఎడం మాత్రం కొలిచినట్టు ఉంచుకున్నారు. అది చూసి ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఏడుపు నీళ్ళు కావు.

అంతలో నావ దూరంగా ఒడ్డుకు చేరింది. రెండో తాడు తనవాళ్ళకిచ్చి చిట్టియ్య ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. సముద్రం మీంచే అంతా చూశాడు కాబోలు, ఎవరినీ ఏమీ అడగలేదు. ఖాళీగా ఉన్న తాడులోకి దూరి బుల్లియ్య చెయ్యి పక్కన తన చెయ్యి వేశాడు. వేళ్ళకు వేళ్ళు తగిలాయి.

"నడుం నుంచి తాడు తియ్యరా దున్నపోతా," అన్నాడు. "నువ్వు లోపలికెళ్ళిపోతే నేను మళ్ళీ దూకలేను."

బుల్లియ్య తాడు విప్పుకున్నాడు. పెదబాబు పాట ఎత్తుకోవాలి. ఆయన ఎత్తుకోలేదు. చిట్టియ్య ఎత్తుకున్నాడు, జనం అందుకున్నారు. తాడు అడుగు అడుగు వెనక్కి వచ్చింది.

వల ఒడ్డెక్కాక చేపల కుప్ప దగ్గర పెద్దింట్లమ్మ చిట్టియ్యను పట్టుకుంది.

"నాకు చెప్పుండాల్సింది నువ్వు."

"నువ్వడిగావా అక్కా?" అన్నాడు చిట్టియ్య, తలపాగాతో మొహం తుడుచుకుంటూ. "తిట్టావు."

"నీ పాలు పంపడం మానెయ్. వాడు లాగినదానికి వాడి పాలు వాడే తీసుకుంటాడు."

"మానేత్తాను. ఆ శాపం మాటేంటి మరి?"

"తెడ్డు విరగలేదు కదా!" అని కసిరి వెళ్ళిపోబోయింది.

కాని పెదబాబు అందరినీ ఆపాడు. తాడును శుద్ధి చెయ్యాలన్నాడు. పసుపు నీళ్ళు చల్లి, వేపమండలు కట్టి, అమ్మవారికి కోడిని కోస్తే తప్ప రేపు ఎవరూ ఆ తాడు పట్టరన్నాడు. జనం తలలూపారు.

పెద్దింట్లమ్మ మళ్ళీ లేచింది. "దేనికి శుద్ధి? వల కొట్టుకుపోతుంటే అడ్డంపడి ఆపిన చేతులు మైలా? వదిలేసి నిలబడ్డ చేతులు కాదా? ముందు మీ చేతులకు చల్లుకోండి పసుపు నీళ్ళు!"

"అక్కా," అన్నాడు బుల్లియ్య. వాడు ఇసుకలో కూలబడి ఉన్నాడు. ఒంటి మీద ఉప్పు ఎండి తెల్లగా మెరుస్తోంది. "చల్లుకోనీ. వాళ్ళు తాడు పట్టడానికి అది కావాలంటే చల్లుకోనీ. నాకు కావాల్సింది తాడు."

"నీకు సిగ్గులేదురా?"

"లేదు. పాయలో వదిలేశాను."

కోడిని కోశారు, పసుపు నీళ్ళు చల్లారు. పెద్దింట్లమ్మ ఆ చుట్టుపక్కలకు పోలేదు. తన గుడిసె ముందు కూర్చుని, అరచేతులకు ఆముదం రాసుకుంటూ ఊరందరినీ తిడుతూనే ఉంది. ఆ కోపం చాలా కాలం ఆమెను వదల్లేదు. బారెడు ఎడం కొన్నాళ్ళకు మూరెడయింది. ఒక రోజు పక్కవాడు ఏమరుపాటున బుల్లియ్య భుజానికి భుజం ఆనించి లాగాడు. తర్వాత ఎవరూ ఆ సంగతి తలుచుకోలేదు. తలుచుకోకపోవడం కూడా ఆమెకు కోపమే. ఇంత సులువైనదాన్నా అంత కాలం చెయ్యలేకపోయారు!

బుల్లియ్య మళ్ళీ తెడ్డు పట్టలేదు. ఒకటి రెండుసార్లు చిట్టియ్య పక్కన నావలో కూర్చుని మొగ దాటి వచ్చాడు, అంతే. మొదట్లో రోజు విడిచి రోజు లాగేవాడు, మధ్యలో వదిలి కూర్చునేవాడు. కూర్చుంటే ఎవరూ ఏమీ అనకుండా పాపాయి కాపలా ఉండేది. వానలు పడే నాటికి వల ఒడ్డెక్కే దాకా లాగగలుగుతున్నాడు.

ఒకరోజు తాడు దగ్గర పెద్దింట్లమ్మ ఎప్పటిలాగే వాడి ముందు నిలబడి, కాళ్ళు ఇంకా వెడల్పుగా పెట్టమనీ, ఊపిరి బిగపట్టొద్దనీ వెనక్కి తిరిగి తిరిగి చెబుతోంది.

"నువ్వు రేపటి నుంచి రాకు," అన్నాడు బుల్లియ్య.

"ఏంటీ?"

"నా ముందు నిలబడకు. నీ నడుమే తప్ప నాకు సముద్రం కనపట్టం లేదు. ఉన్నది ఒక్క కన్ను, దానికీ అడ్డమేనా? పో, నీ గంప చూసుకో."

జనం పకపకా నవ్వారు. పెద్దింట్లమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాణ్ణి ఆకు మీద నుంచి వదిలించి బతికించినది తను, ఈడ్చుకొచ్చి ఇక్కడ నిలబెట్టింది తను, అందరి ముందూ పొమ్మంటాడా! తాడు విసిరికొట్టి, వాడి పుట్టుక దగ్గర్నుంచి తిట్టుకుంటూ ఇంటికి వచ్చింది. మూలన బోర్లించిన గంప తీసి దుమ్ము దులిపింది.

మర్నాడు చిట్టియ్య నావలోంచి చేపలు కొనుక్కుని, బేరం దగ్గర వాడితో గట్టిగా పోట్లాడి, గంప నెత్తికెత్తుకుని నరసాపురం దారి పట్టింది.